లేదనని పెట్టె

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సూరిబాబు కాఫీ గ్లాసు వైపు వేలు చూపించి, నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు. అడగాల్సిన మాట నాలుక దాకా రాలేదు. ఎదురుగా కూర్చున్న ప్రవల్లిక గ్లాసు ఆయన ముందుకి జరపబోయి ఆగింది. కాఫీ అందిస్తే తీరిపోయే సంగతి కాదది. ఆ మాట ఎందుకు రాలేదన్నదే ఆమె భయం.

"కాఫీయేనా బావగారూ?"

ఆయన తలూపాడు. వినడంలో, అర్థం చేసుకోవడంలో ఆయనకి ఏ లోటూ లేదు. పేపరు చదువుతాడు, టీవీలో వార్తలు చూసి విసుక్కుంటాడు. తెలిసిన వస్తువు పేరు, తెలిసిన మనిషి పేరు మాత్రం తనంతట తాను పైకి తియ్యలేడు. కాకినాడ బస్టాండులో పంతొమ్మిదేళ్ళు అనౌన్సరుగా చేసిన మనిషి. సామర్లకోట, పెద్దాపురం, రంగంపేట, రాజానగరం మీదుగా అంటూ ఊళ్ళ పేర్లు గుక్క తిప్పుకోకుండా చదువుతుంటే, ఆ బస్సు తమది కాని వాళ్ళు కూడా ఒక్క నిమిషం ఆగి వినేవారు. అలాంటి గొంతుకి ఇప్పుడు 'కాఫీ' అన్న ముక్క కరువైంది.

మూడు రోజులుగా మాటలు ఆలస్యంగా వస్తున్నాయి. నిన్న సాయంత్రం మధ్యమధ్యలో తెగిపోయాయి. ఈ ఉదయం ఎనిమిదీ యాభై రెండుకి తల దువ్వుకుంటూ "దువ్వెన" అన్నాడు. అదే ఆఖరు.

వంటింట్లోంచి లోవలక్ష్మి తొంగి చూసింది. సూరిబాబు భార్య, ప్రవల్లికకి తోటికోడలు. "ఏమే, మాటాడారా?"

"చూస్తున్నానక్కా."

"చూడు చూడు. బియ్యం నిండుకున్నాయి, కొట్టుకి ఫోన్ కూడా చెయ్యి" అని లోపలికి వెళ్ళిపోయింది. భయం పట్టుకున్నప్పుడు ఆమె నోరు ఇలా ఇంటి పనుల మీదకి పోతుంది. నాలుగు రోజుల కిందట అయిపోయిన డబ్బాని కూడా ఆవిడ ఖాళీ అనదు, నిండుకుందనే అంటుంది. ఇంట్లో ఏదైనా లేదని పైకి అంటే అది నిజంగానే లేకుండా పోతుందని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మమ్మ వాళ్ళమ్మకి చెప్పింది.

పెరట్లో దండెం మీద రెండు చొక్కాలు ఆరుతున్నాయి. ఒకటి నీలం గళ్ళది, ఒకటి సిమెంటు రంగుది. ఆదివారం పొద్దున్నే వాటిని ఉతికి ఆరెయ్యడం ప్రవల్లిక పని.

పదకొండున్నర నెలల కిందట పెద్దాపురం నుంచి మోటారు సైకిలు మీద వస్తూ అన్నదమ్ములిద్దరూ లారీ కింద పడ్డారు. బండి నడుపుతున్నది సూరిబాబు. వెనక కూర్చున్న తమ్ముడు అబ్బులు అక్కడికక్కడే పోయాడు. ఆ అబ్బులు ప్రవల్లిక మొగుడు. సూరిబాబు ఇరవై రోజులు స్పృహ లేకుండా పడున్నాడు. కళ్ళు తెరిచేసరికి తమ్ముడి కర్మకాండలు అయిపోయాయి, తన మాటలూ పోయాయి.

విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల వాళ్ళు ఆయనకి మాటతీగ అమర్చారు. వెంట్రుక కంటే సన్నటి తీగ, చెవి వెనక నుంచి మెదడులోకి పోతుంది. "మాటలు ఎక్కడికీ పోలేదమ్మా, వాటి చిరునామాలు పోయాయి" అంది డాక్టర్ షమీమ్. నాలుగు వేల బొమ్మలూ ఫొటోలూ చూపించి, ఆయన తలలో ఏ మాట ఎక్కడ కాపురముంటోందో పటం గీశారు. గాయం మానేకొద్దీ ఆ చిరునామాలు మారుతుంటాయి కాబట్టి పటం పరిశోధనశాలలోనే ఉంటుంది. ఆయన ఒక మాట కోసం తడుముకోగానే, ఆ తడుములాట ఏ మాటదో తీగ పసిగట్టి ఇంట్లో ఉన్న పెట్టెకి చెబుతుంది. ఇది ఎక్కడుందని పెట్టె విశాఖపట్నాన్ని అడుగుతుంది. జవాబు రాగానే తీగ ఆ చోటుని మీటుతుంది, మాట నోట్లో పడుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. పేరు చెప్పి చిరునామా అడగడం ఇంటర్నెట్టులో ప్రతి ఫోనూ రోజంతా చేసే పనే. ప్రవల్లిక ఆఫీసులో దాన్ని డీఎన్ఎస్ అంటారు. బావగారి తలకి కూడా ఒక డీఎన్ఎస్ పెట్టారన్నమాట.

ఆ పెట్టె మామూలు రౌటరు కాదు, కాపలా కాసే రౌటరు. మనిషి తలని ఇంటర్నెట్టుకి కలిపాక గుమ్మం బార్లా తీసి పెట్టుకుంటే కుదరదు కదా. 'ఉప్పు' అనబోయిన మనిషి నోట్లోంచి ఏ సబ్బు ప్రకటనో ఊడిపడుతుంది. అందుకని ఏది బయటికి పోవాలో, ఏది లోపలికి రావాలో పెట్టెలో నియమాలు రాసి పెట్టారు. రాసింది ప్రవల్లికే. కేబుల్ నెట్ ఆఫీసులో ఆమె ఉద్యోగమే అది. ఊళ్ళో నాలుగొందల ఇళ్ళకి నెట్టు పోతే ఆమెకే ఫోన్ చేస్తారు. ఇవాళ సొంత ఇంట్లో పోయింది.

పరిశోధనశాలకి ఫోన్ చేస్తే డాక్టర్ షమీమే ఎత్తింది.

"మా వైపు అంతా బాగానే ఉందమ్మా" అంది.

ఎక్కడ ఏది చెడినా అవతలి వాళ్ళు మొదట చెప్పే మాట అదే. ప్రవల్లిక కూడా తన ఖాతాదారులకి రోజుకి పదిసార్లు చెబుతుంది. ఇవాళ వినాల్సి వచ్చేసరికి ఒళ్ళు మండింది.

"మీ ఇంటి నుంచి అసలు ప్రశ్నలే రావట్లేదు. ఆఖరి జవాబు ఎన్నింటికి అందింది?"

"ఎనిమిదీ యాభై రెండుకి."

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "అయితే సాయంత్రం నాలుగూ యాభై రెండు దాకా టైముంది. ఎనిమిది గంటలపాటు జవాబులు నిలకడగా రాకపోతే తీగ చుట్టూ పొర కట్టడం మొదలవుతుంది. మధ్యలో నాలుగైదు నిమిషాలు వచ్చి పోతే అది లెక్కలోకి రాదు. కట్టాక మళ్ళీ లేవదు. ఆయన తల ఇప్పటికే రెండుసార్లు తెరిచాం. మూడోసారి కుదరదని మీకు చెప్పాను."

"మీ మనిషిని పంపండి మేడం."

"బయల్దేరమంటాను. ఇవాళ అతను వేరే ఊళ్ళో ఉన్నాడు, వచ్చేసరికి ఐదున్నర దాటుతుంది. ఈలోగా మీరు చూడండి. పెట్టెని ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం చెయ్యకండి, తీగకీ దానికీ ఉన్న జత తెగిపోతుంది. ఆపి మళ్ళీ పెట్టడం కూడా మూడుసార్లకి మించొద్దు. ప్రతిసారీ తీగ ఉలిక్కిపడుతుంది."

ప్రవల్లిక గడియారం చూసింది. తొమ్మిదిన్నర.

పెట్టె మీద దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. వైర్లు తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. పెట్టె లోపల నుంచి పరిశోధనశాల కంప్యూటరుని అంకెలతో పిలిచి చూస్తే వెంటనే పలికింది. అంటే దారి బాగానే ఉంది. అదే కంప్యూటరుని పేరుతో పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. పేర్లు విప్పే చోటే ఏదో అడ్డుపడింది. అడిగే సర్వరు మార్చి చూసింది, మారలేదు. తన ఆఫీసు వైపు నుంచి ఏమైనా మూశారేమోనని అక్కడున్న ఉద్యోగికి ఫోన్ చేస్తే, "మా వైపు అంతా బాగానే ఉందక్కా" అన్నాడు వాడు కూడా.

పదకొండింటికి మొదటిసారి పెట్టె ఆపి పెట్టింది. దీపాలు ఎర్రబడి, పచ్చబడ్డాయి. హాల్లో కుర్చీలో ఉన్న సూరిబాబు ఒక్కసారి మెడ నిలబెట్టాడు.

"నీళ్ళు" అన్నాడు. "గడియారం. కిటికీ. అమ్మాయ్, అక్కడ... ఆ దండెం మీద..."

లోవలక్ష్మి గరిట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "వచ్చేసిందే, వచ్చేసింది తల్లీ" అని ప్రవల్లిక భుజం పట్టుకుంది. నాలుగు నిమిషాలు గడిచాయి. సూరిబాబు భార్య వైపు తిరిగి నవ్వబోయి, ఏదో అనబోయి, నోరు తెరిచి ఆగిపోయాడు. మళ్ళీ పోయింది.

ఒంటిగంటకి రెండోసారి ఆపి పెట్టింది. ఈసారి మూడు నిమిషాలే వచ్చింది.

అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. సూరిబాబు ముద్ద చేత్తో పట్టుకుని పక్క పీట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ పీట ఖాళీగానే ఉంటుంది. లోవలక్ష్మి మజ్జిగ పోస్తూ, "పోనీ ఆ కాపలాలూ గీపలాలూ తీసి పారెయ్యవే, మనింట్లోకి ఎవడొస్తాడు" అంది. తీగ ఆ పెట్టెతో తప్ప దేనితోనూ మాట్లాడదని, కాపలా తీసేస్తే పెట్టే పలకదని ప్రవల్లిక మూడోసారి చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె తలలో ఒకటే తిరుగుతోంది. ఆపి పెడితే నాలుగు నిమిషాలు, తర్వాత మూడు నిమిషాలు. పగిలిన పైపు అయితే అసలు నీళ్ళే రావు. ఇది పగలడం కాదు, ఏదో నిండిపోవడం. ఖాళీ చెయ్యగానే పనిచేస్తోంది, నిండగానే ఆగిపోతోంది. దేనితో నిండుతోందో తెలియాలంటే చిట్టా చూడాలి.

ఆ చిట్టా ఇంతవరకూ ఎవరూ తెరవలేదు. ఒక మనిషి ఏయే మాటల కోసం తడుముకున్నాడో, ఏ పూట, ఎన్నిసార్లు, అన్నీ అందులో ఉంటాయి. మనసులోకి కిటికీ పెట్టినట్టే. భార్యాభర్తలిద్దరూ వేలిముద్ర వేస్తే తప్ప తెరవకూడదని పరిశోధనశాల వాళ్ళు మొదటి రోజే సంతకాలు తీసుకున్నారు.

సూరిబాబు అడగగానే వేలు పెట్టాడు. ఏదో తొందర ఉన్నట్టు పెట్టాడు. లోవలక్ష్మి మాత్రం చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది.

"మగాడి మనసులో ఏముంటుందో ఆ దేవుడికే తెలియాలి. బస్టాండులో రిజర్వేషన్ కౌంటరు సుభాషిణి పేరు కనబడిందనుకో, నాకు చెప్పకు."

"చెప్పనక్కా."

"చెప్పు, పర్వాలేదు" అని వేలు పెట్టింది.

ప్రవల్లిక లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిచింది. పెట్టెకి ఒకేసారి నూటయాభై ప్రశ్నలు పట్టుకునే చోటుంది. ఆ నూటయాభైలోనూ జవాబు కోసం కాచుకుని ఉన్న ప్రశ్నలు కూర్చున్నాయి. కొత్తది నిలబడటానికి చోటే లేదు. మొదటి ప్రశ్న చూసింది. రెండోది చూసింది. తెర కిందకి తిప్పుతూ పోయింది.

అబ్బులు. అబ్బులు. అబ్బులు. అబ్బులు.

నూటయాభైయ్యీ అదే పేరు.

పాత తేదీలు తీసింది. ఏడు నెలల్లో నలభై ఒక్క వేల సార్లు. తెల్లవారి ఐదూ నలభైకి, ఒకప్పుడు అబ్బులు తీసే గేటు తాళం ఇప్పుడు ఆమె తీసే టైముకి. మధ్యాహ్నం అన్నాలప్పుడు, ఆ ఖాళీ పీట దగ్గర. ప్రతి ఆదివారం పొద్దున్న, పెరట్లో చొక్కాలు ఆరేసే టైముకి, అడ్డూ ఆపూ లేకుండా. గురువారం పదీ పావు నుంచి ఇక లెక్కే లేదు, మూడు రోజుల్లో పంతొమ్మిది వేలు. గురువారం పదీ పావుకి పిఠాపురం నుంచి పురోహితుడు ఫోన్ చేశాడు. వచ్చే సోమవారం అబ్బులు సంవత్సరీకం. లోవలక్ష్మి నూతి దగ్గరకి వెళ్ళి గొంతు తగ్గించే మాట్లాడింది. వినకూడని మనిషి విననే విన్నాడు.

నోరెత్తి ఒక్కసారి అడగలేదు కాబట్టి మర్చిపోయాడనుకున్నారు. "మర్చిపోయినట్టున్నారే, మంచిదేలే" అని లోవలక్ష్మి అన్నరోజు ప్రవల్లిక వంటింటి గోడకి ఆనుకుని చాలాసేపు నిలబడింది. తోడబుట్టినవాడే మర్చిపోయాక అబ్బులు ఇంకెవరి దగ్గరున్నట్టు? బావగారికి తెలియకూడదని ఫొటో బీరువాలోకి పోయింది. ఏడుపు బాత్రూములో కుళాయి తిప్పుకుని ఏడవాల్సి వచ్చింది. ఒకవేళ గుర్తొచ్చినా, అబ్బులు ఊళ్ళోనే ఉండి ఏ పోర్టు డ్యూటీకో పోయొస్తున్నాడని ఆయనకి అనిపించాలని వారానికి రెండు చొక్కాలు ఉతకడం మొదలైంది. ఇన్నాళ్ళూ ఆ పేరు పట్టుకుని తను ఒక్కతే ఉన్నాననుకుంది. పక్క గదిలో ఒక మనిషి నలభై ఒక్క వేల సార్లు అదే పేరు పిలుస్తున్నాడని ఆమెకి తెలియలేదు.

ఆ పేరు రాకుండా అడ్డం పెట్టింది తనే.

తీగ పెట్టిన కొత్తల్లో సూరిబాబు మొట్టమొదట అన్న మాట "అబ్బులు". "అబ్బులేడి?" అన్నాడు. చెప్పారు. చెప్పిన పది నిమిషాలకి కుడిచేతి బొటనవేలు వణకడం మొదలై ఒళ్ళంతా ఫిట్స్ వచ్చింది. తీగ కదిలిపోయి తల మళ్ళీ తెరవాల్సి వచ్చింది. మెలకువ వచ్చాక చెప్పింది ఏదీ జ్ఞాపకం లేదు, మళ్ళీ "అబ్బులేడి?" అన్నాడు, మళ్ళీ ఫిట్స్. ఈసారి తీగ కదలకపోవడం అదృష్టం. కొన్నాళ్ళు ఆ ఒక్క పేరు మూసేయమంది డాక్టర్ షమీమ్.

పెట్టెలో ఒక పేరు మూయాలంటే రెండు పద్ధతులున్నాయి. అడిగినవాడికి 'లేదు' అని జవాబు పంపడం ఒకటి. ఏమీ అనకుండా ప్రశ్నని పక్కన పడేసి ఊరుకోవడం రెండోది. ఆ రోజు పక్కన కూర్చుని తెర చూస్తున్న లోవలక్ష్మి మొదటి దాని మీద వేలు పెట్టనివ్వలేదు.

"లేదు అని మనింట్లోంచి పోకూడదే. బియ్యానికే ఆ మాట అనం. మనిషి పేరుకా?"

ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ప్రవల్లికే పాఠం చెబుతుంది. లోపలివాడు అడిగినప్పుడు తలుపు మూస్తే మూశామని చెప్పండి, మౌనంగా ఉండకండి, జవాబు రానివాడు అడుగుతూనే ఉంటాడు అని. అంతా తెలుసు. తెలిసి కూడా అబ్బులు పేరు ఎదురుగా 'లేదు' అని పెట్టడానికి ఆమె చెయ్యీ రాలేదు. రెండోదే నొక్కింది.

బస్సు టికెట్ల కౌంటరులో అడిగినదానికి లేదని చెబితే మనిషి పక్కకి తప్పుకుంటాడు. ఏమీ చెప్పకపోతే అక్కడే నిలబడతాడు, వెనకున్న వరస అంతా ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ వరస ఎలాగో నెట్టుకొచ్చింది. గురువారం నుంచి కౌంటరు ముందు నూటయాభై మంది, అందరూ ఒకరినే అడుగుతూ.

లోవలక్ష్మి భుజం మీంచి తెర చూసింది. ఆమెకి ఎక్కువ చదువు లేదు, అయినా ఆ ఒక్క పేరు చదవగలదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడూ ఇరవై అయింది.

ప్రవల్లిక డాక్టరుకి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. సూరిబాబు హాల్లో ఉన్నాడు. వీళ్ళు పడగ్గది తలుపు దగ్గరకి వేసుకున్నారు.

డాక్టర్ షమీమ్ అంతా విని చెప్పింది. "క్షేమం కావాలంటే 'లేదు' అని జవాబు పెట్టండి. వరస వెంటనే ఖాళీ అవుతుంది. మిగతా మాటలన్నీ వస్తాయి."

"ఆ పేరు?"

"కొన్ని వందల సార్లు లేదు అని వచ్చాక అది మాట కాదని తీగ నేర్చుకుంటుంది. అడగడం మానేస్తుంది. ఆ దారి మూసుకుపోతుంది, మళ్ళీ తెరుచుకోదు."

"తెరిచేస్తే?"

"తెరిస్తే పేరు వస్తుంది. పేరుతో పాటు ఏం వస్తుందో నేను చెప్పలేను. ఏడు నెలలు గడిచాయి, గాయం మానింది, తట్టుకోవచ్చు. తట్టుకోలేక ఫిట్స్ వచ్చి తీగ కదిలితే మాత్రం ఇంక మాటలే ఉండవు. డాక్టరుగా నన్నడిగితే మొదటిదే చెయ్యమంటాను."

ఫోన్ పెట్టేశాక లోవలక్ష్మి మంచం మీద కూలబడింది. "పెట్టెయ్యవే" అంది. "లేదనే పెట్టెయ్యి. పాపమైతే నాకే తగలనీ. నా మొగుడు నాకు కావాలి."

"అక్కా, అది నా మొగుడి పేరు."

ప్రవల్లిక ఆ ఇంట్లో కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక ఆమెకీ భయం వేసింది. తన దుఃఖం కోసం ఒక మనిషి నోటిని పణంగా పెడుతోందా? అలా అయితే అబ్బులు కూడా తనని క్షమించడు. అన్న అంటే అబ్బులుకి ప్రాణం. రోజూ మధ్యాహ్నం బస్టాండుకి పోయి, అన్న గొంతు మైకులో వింటూ పది నిమిషాలు కూర్చుని వచ్చేవాడు.

"మనిద్దరం ఏడు నెలల కిందట ఆయన్ని అడక్కుండా మూశాం. ఇప్పుడైనా ఆయన్నే అడుగుదాం" అంది.

లోవలక్ష్మి లేచి బీరువాలోంచి ఫిట్స్ వస్తే ముక్కులో కొట్టే మందు తీసింది. ఇద్దరూ హాల్లోకి వచ్చారు.

ప్రవల్లిక ఆయన కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. "బావగారూ, మీరు ఒక పేరు కోసం వెతుకుతున్నారు. అది రాకుండా మూసింది నేనే. వస్తే మీరు తట్టుకోలేరని భయపడ్డాం. ఇప్పటికీ భయమే. తెరిస్తే మీకు మళ్ళీ ఫిట్స్ రావచ్చు, మాటలన్నీ పోవచ్చు. మూసే ఉంచితే ఆ ఒక్క పేరు తప్ప అన్నీ వస్తాయి. ఏం చెయ్యమంటారు?"

ఆయన ఆమెనే చూశాడు. ఆ తర్వాత భార్య చేతిలోని మందు సీసాని చూశాడు. కుడిచెయ్యి చాపి, తీర్థం పుచ్చుకునేటప్పుడు పట్టినట్టు అరచెయ్యి గుంట చేసి, ఆ పేరు ఇమ్మన్నట్టు పట్టాడు.

నాలుగూ పాతికకి ప్రవల్లిక నియమం తీసేసి, మూడోసారి పెట్టె ఆపి పెట్టింది.

దీపాలు ఎర్రగా వెలిగాయి. ఎరుపు పోవడానికి ఎప్పుడూ ముప్ఫై సెకన్లు పడుతుంది, ఇవాళ ఒక పూట పట్టినట్టనిపించింది. పచ్చబడ్డాయి. లోవలక్ష్మి సీసా మూత తీసి మొగుడి పక్కన నిలబడింది.

"కుర్చీ" అన్నాడు సూరిబాబు. "గ్లాసు. లోవా, నువ్వు కూర్చో." గొంతు సవరించుకున్నాడు, మైకు ముందు సవరించుకున్నట్టే.

"అబ్బులు."

కుడిచేతి బొటనవేలు వణికింది. లోవలక్ష్మి సీసా ఆయన ముక్కు దగ్గరకి తెచ్చింది. ప్రవల్లిక ఆ వేలుని రెండు చేతులతో పట్టుకుంది. వేలు కొట్టుకుంటూనే ఉంది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "అబ్బులు, అబ్బులు" అని ఊపిరి తీసినప్పుడల్లా అన్నాడు. ఆమె మనసులో లెక్కపెడుతోంది. అరవై దాకా లెక్కపెట్టింది. తొంభై దాకా లెక్కపెట్టింది. వణుకు మణికట్టు దాటలేదు. మెల్లగా తగ్గింది, ఆగింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అబ్బులు పోయాడు కదమ్మా" అన్నాడు. అది ప్రశ్న కాదు.

ప్రవల్లిక ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అంది. "అవును బావగారూ. లేరు."

"తెలుసు. ఎప్పుడో తెలిసింది. పేరే రాలేదు." అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "పేరే లేకపోతే ఎవరికోసమని ఏడవను?"

లోవలక్ష్మి సీసా పట్టుకునే నేల మీద కూర్చుని, మొగుడి మోకాలికి తల ఆనించింది. లాప్‌టాప్ తెర మీద వరస ఖాళీగా ఉంది. మాటలు ఒక్కొక్కటీ వస్తున్నాయి, జవాబు పుచ్చుకుని వెళ్ళిపోతున్నాయి.

"తిథి ఎప్పుడు?" అన్నాడు సూరిబాబు.

"వచ్చే సోమవారం. పిఠాపురంలో, మా అన్నయ్య చేత పెట్టిద్దామని..." అంది ప్రవల్లిక.

"నేను పెడతాను. అన్నని నేనుండగా మీ అన్నయ్య ఎందుకు?"

ఆయన తల తిప్పి పెరటి గుమ్మంలోంచి బయటికి చూశాడు. నీలం గళ్ళ చొక్కా, సిమెంటు రంగు చొక్కా గాలికి ఊగుతున్నాయి.

"ఆ చొక్కాలు ఇంక ఉతక్కమ్మా" అన్నాడు. "మురికి కాని చొక్కాలు ఎన్ని ఆదివారాలని ఉతుకుతావు?"

ప్రవల్లిక లేచి పెరట్లోకి నడిచింది. క్లిప్పులు తీసి రెండు చొక్కాలూ గుండెకి హత్తుకుంది. ఏడు నెలల తర్వాత మొదటిసారి కుళాయి తిప్పకుండా, గోడ అవతలి వాళ్ళు వింటారన్న ఆలోచన లేకుండా గట్టిగా ఏడ్చింది. పొద్దుటి ఎండకి ఆరిన ఆ చొక్కాలు మళ్ళీ తడిశాయి.